ఎవరినైనా ఆ మాట అనే ముందు: ‘ది ఫండమెంటల్స్’ నాలుగు సంపుటాల రీప్రింట్ సెట్టు

ముందు వస్తువు సంగతి చెప్తాను. ఇది గట్టి అట్టలున్న నాలుగు పుస్తకాల సెట్టు. 1910 నుంచి 1915 వరకు అమెరికాలో ‘ది ఫండమెంటల్స్’ పేరుతో పన్నెండు చిన్న పుస్తకాలు వచ్చాయి. వాటిని మూడేసి చొప్పున కలిపి కుట్టారు. కొత్తగా టైప్ చేయించలేదు, అప్పటి పేజీలనే ఫొటో తీసి అచ్చు వేశారు. కాబట్టి అక్షరాలు, అక్కడక్కడా ఉన్న సిరా మరకలు అన్నీ పాతవే. కాగితం బాగుంది, వెనక పేజీ అచ్చు ఇటువైపు కనబడదు. బైండింగ్ గట్టిదే గానీ మూడో సంపుటం బల్ల మీద తెరిచి పెడితే తెరుచుకుని ఉండదు, చేత్తో అదిమి పట్టుకోవాలి. రెండు నెలల పాటు రాత్రిపూట కూర్చుని చదివాను. ఇది నాకు ఎందుకు కావాల్సి వచ్చిందో చెప్పకపోతే మిగతా రివ్యూ అర్థం కాదు, అందుకని అక్కడ నుంచి మొదలుపెడతాను.

మా సంఘంలో వారానికోసారి జరిగే బైబిల్ స్టడీ నేను నడిపిస్తాను. ఒక వారం లూకా సువార్త మొదటి అధ్యాయం చదువుతున్నాం. కన్యకగా ఉన్న మరియ గర్భం ధరించడం నిజంగా జరిగిందనే నేను నమ్ముతున్నానని చెప్పాను. మా గుంపులో బాగా చదువుకున్న ఒక బ్రదర్ ఉన్నారు, నాకు ఆయనంటే గౌరవం. ఆయన, "సిస్టర్, మీరు కూడా ఫండమెంటలిస్ట్ అయిపోయారా?" అన్నారు. మా దగ్గర ఆ మాటకు చదువూ ఆలోచనా లేని మొండి నమ్మకస్థుడు అనే అర్థం. గట్టిగా కూడా అనలేదు, మామూలుగానే అన్నారు. ఆ తర్వాత ఎవరూ మాట్లాడలేదు. నేను ఎందుకు నమ్ముతున్నానో ఎవరూ అడగలేదు. లూకా తన సువార్త మొదటి నాలుగు వచనాల్లో అన్నిటినీ మొదటి నుంచి పరిశీలించి రాస్తున్నానని ఎందుకు చెప్పుకున్నాడు అని నేను అడగాలనుకున్న ప్రశ్న నా నోట్‌బుక్‌లోనే ఉండిపోయింది.

రెండో సంగతి చెప్పడం నాకు ఇంకా కష్టం. కొన్ని వారాల తర్వాత ఆదికాండం మొదలుపెట్టాం. కాలేజీ చదువుతున్న ఒక అబ్బాయి, "అక్కా, సూర్యుణ్ని నాలుగో రోజున కదా చేసింది? మరి మొదటి మూడు రోజులు కూడా ఇరవై నాలుగు గంటలేనని ఎలా చెప్పగలం?" అని అడిగాడు. అప్పటికి టైం అయిపోవచ్చింది. నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పి ఉంటే సరిపోయేది. నేను, "అవి లిబరల్స్ అడిగే ప్రశ్నలు బాబూ, మనకు వద్దు" అన్నాను. బైబిల్‌ను ఉన్నదున్నట్టు నమ్మనివాళ్లను మేం అలా అంటాం. ఆ అబ్బాయి ఏమీ అనలేదు. బైబిల్ మూసి, కవర్‌కున్న జిప్పు మెల్లగా చివరిదాకా లాగాడు. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. తర్వాత రెండు వారాలు స్టడీకి రాలేదు.

ఆ బ్రదర్ మీద కోపంగా ఉన్నన్నాళ్లూ నేను చేసింది నాకు కనబడలేదు. కనబడ్డాక నిద్ర పట్టలేదు. అసలీ ఫండమెంటలిస్ట్ అనే మాట ఎక్కడ పుట్టిందో వెతుకుతూ పోతే ఈ పుస్తకాల దగ్గర తేలాను.

కాలిఫోర్నియాలో లైమన్ స్టీవర్ట్ అనే చమురు వ్యాపారి ఉండేవాడు. యూనియన్ ఆయిల్ కంపెనీ స్థాపించినవాళ్లలో ఒకడు. ఆయన, ఆయన సోదరుడు మిల్టన్ ఈ పుస్తకాలకు డబ్బు పెట్టారు. ఎక్కడా తమ పేర్లు వేయించుకోలేదు. ఇద్దరు సామాన్య క్రైస్తవుల కానుక అన్న అర్థం వచ్చే ఒక్క లైను మాత్రం వేయించారు. ఇంగ్లీషు చదివే దేశాల్లో పాస్టర్లకు, మిషనరీలకు, వేదాంత కళాశాలల్లో పాఠం చెప్పేవాళ్లకు, సండే స్కూల్ సూపరింటెండెంట్లకు ఉచితంగా పోస్టులో పంపించారు. పన్నెండు పుస్తకాలూ కలిపి దాదాపు 30 లక్షల ప్రతులు వెళ్లాయి. మొత్తం 90 వ్యాసాలు, 64 మంది రచయితలు. మొదట ఎ.సి. డిక్సన్, ఆయన తర్వాత లూయిస్ మేయర్, చివరికి ఆర్.ఎ. టోరీ సంపాదకులుగా ఉన్నారు.

పుస్తకం తెరిచే ముందు నా మనసులో ఒక బొమ్మ ఉంది. ప్రపంచం మీద కోపంతో, చదువంటే గిట్టక, గొంతు చించుకుని అరిచే మనిషి బొమ్మ. మొదటి పుస్తకంలో మొదటి వ్యాసమే కన్యక గర్భం గురించి. ఏ మాట అన్నందుకు నాకు ఆ పేరు పడిందో సరిగ్గా అదే విషయం. రాసింది స్కాట్లాండ్‌కు చెందిన వేదాంత పండితుడు జేమ్స్ ఓర్. నేను అరుపులు వింటాననుకున్నాను. ఆయన అవతలివాళ్ల అభ్యంతరాలు ఒక్కొక్కటే తీసుకుని, వాటికి మత్తయి, లూకా ఏం చెప్తున్నారో చూపిస్తూ, తొందరపడకుండా వెళ్తాడు. ఒప్పుకోనివాళ్లు కూడా కూర్చుని మాట్లాడగలిగిన మనిషి. ఆ వ్యాసం రెండుసార్లు చదివాను.

అసలు నన్ను కుదిపేసింది మాత్రం అదే ఓర్ రాసిన ఇంకో వ్యాసం, నాలుగో పుస్తకంలో ఉంది. సైన్సు, క్రైస్తవ విశ్వాసం గురించి. ఈ సెట్టులో అది రెండో సంపుటంలో మొదటి భాగం. సృష్టి రోజుల గురించి మాట్లాడుతూ ఆయన ఒకచోట, రోజును కొలవాల్సిన సూర్యుడే నాలుగో రోజు దాకా కనబడనప్పుడు వాటిని ఇరవై నాలుగు గంటల రోజులుగా ఎలా లెక్కపెడతాం అంటాడు. పెన్సిల్ చేతిలో పట్టుకుని ఆ లైను దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ అబ్బాయి ప్రశ్న అక్షరాలా అదే. దాన్ని అడిగింది లిబరల్ అని నేను ముద్ర వేశాను. అది రాసినవాడు ఫండమెంటలిజం అనే మాటకే పుట్టిల్లయిన పుస్తకాల్లో ముఖ్యమైన రచయిత! అదే వ్యాసంలో ఓర్, పరిణామం (ఎవల్యూషన్) అన్నది సృష్టికే ఇంకో పేరుగా కనబడుతోందని, దేవుని శక్తి బయటి నుంచి కాకుండా లోపలి నుంచి పనిచేస్తుందని కూడా రాశాడు. ఆయనతో అంతదూరం వెళ్లడానికి నేను సిద్ధంగా లేను. కానీ ఈ మాటలన్న మనిషిని ఇవాళ చాలా సంఘాల్లో పుల్పిట్ ఎక్కనివ్వరేమో అనిపించింది.

ఈ ప్రశ్న ఓర్‌తో మొదలైందీ కాదు. సంఘాలన్నీ గురువుగా గౌరవించే హిప్పో బిషప్ అగస్టీన్ 5వ శతాబ్దంలోనే ఆ రోజులు ఎలాంటివో ఊహించడం మనకు చాలా కష్టమని రాసి పెట్టాడు. ఆయన్ని లిబరల్ అనే ధైర్యం ఎవరికుంది?

ఇంకో వ్యాసం గురించి కూడా చెప్పాలి. కెనడాకు చెందిన డైసన్ హేగ్ హయ్యర్ క్రిటిసిజం చరిత్ర రాశాడు. హయ్యర్ క్రిటిసిజం అంటే బైబిల్లోని ఒక్కో గ్రంథం ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, ఏయే ఆధారాల నుంచి కూర్చారు అని పరిశోధించే పద్ధతి. హేగ్ దాని ఫలితాలకు గట్టి విరోధి. అయినా వ్యాసం మొదలుపెట్టడమే ఆ పేరుకు అర్థం చెప్పి మొదలుపెడతాడు. హయ్యర్ అంటే గొప్పది అని కాదనీ, అది విద్యారంగంలో వాడే ఒక సాంకేతిక పదమనీ వివరిస్తాడు. ఆ పరిశోధన చేసేవాళ్లందరూ ఒకటే రకం కాదనీ, అందులో భక్తిగలవాళ్లూ ఉన్నారనీ ఒప్పుకుంటాడు. ఆ తర్వాతే పోట్లాట. తాను ఎవరి మీద పోరాడుతున్నాడో వాళ్ల పేరుకు సరైన అర్థం చెప్పాలన్న బాధ్యత ఆయనకుంది. నాకు ఆ సాయంత్రం అది లేదు.

జార్జ్ ఫ్రెడరిక్ రైట్ మంచుయుగం మీద పరిశోధన చేసిన భూగర్భ శాస్త్రవేత్త. ఆయన ఏడో పుస్తకంలో పరిణామ సిద్ధాంతాన్ని విమర్శిస్తూ రాసిన వ్యాసం కూడా, ఎవల్యూషన్ అన్న మాటలో దానంతటదే తప్పేమీ లేదు అంటూనే మొదలవుతుంది. మిగతా రచయితలనూ చూడండి. డర్హం బిషప్ హ్యాండ్లీ మౌల్ ఆంగ్లికన్, బి.బి. వార్‌ఫీల్డ్ ప్రిన్స్‌టన్ ప్రెస్బిటేరియన్, సర్ రాబర్ట్ ఆండర్సన్ స్కాట్లాండ్ యార్డ్‌లో పెద్ద అధికారిగా చేసినవాడు, ఫిలిప్ మౌరో లాయరు, జెస్సీ పెన్-లూయిస్ అనే స్త్రీ కూడా ఉన్నారు. వీళ్లందరినీ ఒకే గదిలో కూర్చోబెడితే బాప్తిస్మం దగ్గరే వాదన మొదలై ఉండేది.

అలాగని ఈ సెట్టు అంతా ఒకే స్థాయిలో లేదు. ఎనిమిదో పుస్తకంలో పరిణామం మీద వచ్చిన రెండు వ్యాసాల్లో ఆ నిదానం కనబడదు. అందులో ఒకటి పేరు చెప్పుకోని ఒక సంఘ సభ్యుడు రాసింది. పదకొండో పుస్తకంలో రోమన్ కథోలిక్ సంఘం మీద ఉన్న రెండు వ్యాసాలు చదువుతుంటే మనసుకు బాధేసింది. ఒకటి అసలు అది క్రైస్తవమేనా అని అడిగి, కాదని తేల్చేస్తుంది. ఇంకొకటి రోమ్‌ను దేశానికి విరోధి అంటుంది. ఇద్దరు మనుషులు ఒక సిద్ధాంతం మీద విభేదించడం వేరు. కోట్లమంది ఆరాధించేవాళ్లను ఒక్క ముద్రతో బయటికి తోసేయడం వేరు. ఈ పుస్తకాలకు తర్వాత ఏ అన్యాయం జరిగిందో, ఆ అన్యాయమే వీటిలో కొన్ని పేజీలు ఇతరులకు చేశాయి. సెట్టు కొనేవాళ్లు ఆ పేజీలు దాటేయకుండా చదవాలని నా కోరిక.

ఇక ఆ పేరు సంగతి. ఈ పుస్తకాల్లో ఫండమెంటలిస్ట్ అన్న పేరు లేదు. చాలామంది చెప్పే ఐదు మూల సిద్ధాంతాల జాబితా కూడా వీటిలో లేదు. అది 1910లో అమెరికా ప్రెస్బిటేరియన్ జనరల్ అసెంబ్లీ చేసిన తీర్మానం: లేఖనాల్లో తప్పు లేకపోవడం, క్రీస్తు కన్యకకు పుట్టడం, మన స్థానంలో ఆయన చనిపోవడం, శరీరంతో తిరిగి లేవడం, ఆయన చేసిన అద్భుతాలు నిజం కావడం. ఫండమెంటలిస్ట్ అన్న మాట 1920లో వచ్చింది. బాప్టిస్టు పత్రిక వాచ్‌మన్-ఎగ్జామినర్ సంపాదకుడు కర్టిస్ లీ లాస్, విశ్వాసపు మూలాలను పట్టుకుని వాటి కోసం పోరాడేవాళ్లకు ఈ పేరు పెడదామని రాశాడు, తనను కూడా వాళ్లలో కలుపుకున్నాడు. అంటే అది ఇష్టపడి పెట్టుకున్న పేరు. దానికి అర్థం ఉంది, హద్దు ఉంది.

1922 మే నెలలో న్యూయార్క్‌లో హ్యారీ ఎమర్సన్ ఫాస్డిక్ వాళ్లకు వ్యతిరేకంగా ప్రసంగం చేశాడు. ఆ రోజుల్లో లిబరల్ పక్షానికి అంతకంటే పెద్ద గొంతు లేదు. ఆయన కూడా ఫండమెంటలిస్టులందరూ సంప్రదాయవాదులే గానీ సంప్రదాయవాదులందరూ ఫండమెంటలిస్టులు కారని విడమరిచి చెప్పాడు. విరోధి కూడా పేరును ఎక్కడ వరకు వాడాలో చూసుకుని వాడాడు! ప్రెస్బిటేరియన్ పండితుడు జె. గ్రెషమ్ మేచెన్ లిబరలిజానికి వ్యతిరేకంగా 1923లో పుస్తకమే రాశాడు, అయినా తనను ఫండమెంటలిస్ట్ అనడం ఆయనకు ఇష్టం ఉండేది కాదు. 1925 జూలైలో టెనెసీ రాష్ట్రం డేటన్‌లో స్కోప్స్ కేసు విచారణ జరిగింది. పరిణామం పాఠం చెప్పాడని ఒక టీచర్ మీద కేసు. అక్కడి నుంచి ఈ పేరుకు పల్లెటూరి మూర్ఖుడు అన్న అర్థం అంటుకుంది. అదే కోర్టులో టీచర్ తరఫు లాయరు క్లారెన్స్ డారో గుచ్చి గుచ్చి అడిగితే, ఫండమెంటలిస్టుల తరఫున నిలబడ్డ విలియం జెన్నింగ్స్ బ్రయన్ ఆ సృష్టి రోజులు ఇరవై నాలుగు గంటలవని తాను అనుకోవడం లేదని చెప్పాడు. చూశారా, మళ్లీ అదే ప్రశ్న, మళ్లీ అదే జవాబు. ఆ అబ్బాయి ఒంటరివాడు కాదు.

1940ల నాటికి ఆ పక్షంలోంచే కొందరు వేరుపడి ఎవాంజలికల్స్‌మని చెప్పుకోవడం మొదలుపెట్టారు. 1979 ఇరాన్ విప్లవం తర్వాత పత్రికలు ఈ మాటను ముస్లింలకు, ఆ తర్వాత ఇంకా ఎందరికో తగిలించాయి. ఇప్పుడు సంఘంలో ఎవరైనా ఎదుటివాణ్ని ఫండమెంటలిస్ట్ అంటే, వినేవాళ్ల చెవికి కన్యక గర్భం వినబడదు, తుపాకులు వినబడతాయి. ఏదైనా గుంపు తమను తాము అలా చెప్పుకుంటే తప్ప ఈ మాట వాడొద్దని అసోసియేటెడ్ ప్రెస్ తన విలేఖరులకు ఇచ్చే శైలి పుస్తకంలో ఉంది. వార్తలు రాసేవాళ్లు పాటించే ఈ జాగ్రత్తను పొరుగువాడి మీద అబద్ధసాక్ష్యం పలకకూడదన్న ఆజ్ఞ చదివే మనం పాటించకపోతే ఎలా? ఇప్పటికీ గర్వంగా ఫండమెంటల్ బాప్టిస్టులమని చెప్పుకునే సంఘాలున్నాయి. వాళ్లను ఆ పేరుతో పిలవడంలో తప్పేమీ లేదు, అది వాళ్ల పేరు.

తెలుగులో దీనికి మనం వాడే మాట ఛాందసవాది. ఛాందసుడంటే మొదట వేదం చదువుకున్నవాడు. ఛందస్సు అంటే వేదం కదా. చదువుకున్నవాడికున్న ఆ పేరు వాడగా వాడగా మొండివాడు, కాలం చెల్లినవాడు అనే తిట్టుగా దిగిపోయింది. రెండు భాషల్లో రెండు మాటలకు ఒకే గతి పట్టింది. అందుకే ఈ అనువాదం ఇంత సులువుగా కుదిరిందేమో.

మన చర్చల్లో ఈ ఒక్క మాటే కాదు, లీగలిస్ట్, పరిసయ్యుడు, దుర్బోధకుడు, కాంప్రమైజ్ అయినవాడు, ఇలా చాలా ఉన్నాయి. వీటిలో ప్రతిదానికీ వాడాల్సిన చోటు ఒకటుంది. దుర్బోధను దుర్బోధ అనాల్సిందే, అపొస్తలులు అన్నారు. కానీ నేను ఇప్పుడొక పని చేస్తున్నాను. ఎవరినైనా ఒక పేరు పెట్టి పిలవాలనిపిస్తే, ముందు అతను చెప్పింది అతనికే తిరిగి చెప్తున్నాను. "మీరు అంటున్నది ఇదేనా?" అని అడుగుతున్నాను. అవునంటే, ఆ చెప్పింది ఆ పేరుకు సరిపోతుందో లేదో చూస్తున్నాను. ఇప్పటివరకు ఒక్కసారి కూడా ఆ పేరు అవసరం పడలేదు. పౌలును ఫేలిక్సు ముందు నిలబెట్టినప్పుడు తెర్తుల్లు అనే వకీలు కూడా పీడవంటివాడు అన్న ముద్రతోనే నేరం మోపడం మొదలుపెట్టాడు. ఆ జాబితాలో నా పేరు చేరకూడదు.

కొనాలనుకునేవాళ్లకు కొన్ని మాటలు. పన్నెండు పుస్తకాలనూ ఉన్నవి ఉన్నట్టు అచ్చు వేయడం వల్ల ప్రతి పుస్తకానికీ పేజీల నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. ఒకే సంపుటంలో మూడు 45వ పేజీలు! నలుగురితో కలిసి చదివేటప్పుడు ఇది పెద్ద తలనొప్పి. నేను ప్రతి భాగం దగ్గరా రంగు కాగితం అంటించుకున్నాను. ఏ విషయం ఎక్కడుందో చూపే సూచిక చివర్లో లేదు. రచయితల గురించి ఒక్క పేజీ పరిచయం ఇచ్చినా ఎంతో బాగుండేది. అక్షరాలు చిన్నవి, నాకు అద్దాలు ఉన్నా మంచి లైటు కావాల్సి వచ్చింది. కాపీరైట్ కాలం ఎప్పుడో ముగిసింది కాబట్టి పాత ప్రతుల స్కాన్‌లు నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి. చదవడం ఒక్కటే కావాలంటే అవి చాలు. గుంపుగా కూర్చుని, గీతలు గీసుకుంటూ చదవాలంటే ఈ సెట్టు తీసుకోండి. మొదట ఓర్ రెండు వ్యాసాలు, తర్వాత హేగ్, ఆ తర్వాత రైట్ చదవండి. పదకొండో పుస్తకం చివరికి ఉంచుకోండి. అచ్చుకు, కుట్టుకు ఐదుకు మూడు ఇస్తాను. లోపలున్నదానికి ఓర్ ఒక్కడి కోసమే నాలుగున్నర.

రెండో సంపుటం ఇప్పుడు నా దగ్గర లేదు. ఆ అబ్బాయి ఇంటికి వెళ్లి ఇచ్చి వచ్చాను. "ఆ రోజు నేను నిన్ను లిబరల్ అన్నాను, అది తప్పు. నాకు జవాబు తెలియక అన్నాను" అని చెప్పాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత పుస్తకం తీసుకుని, నేను పెన్సిల్‌తో గీత గీసిన పేజీ తెరిచి నిలబడే చదివాడు. "అక్కా, ఈయన ఇక్కడ పరిణామం గురించి అంటున్నది మాత్రం నేను ఒప్పుకోలేను" అన్నాడు. నేను కూడా ఒప్పుకోలేదని చెప్పాను. ఎందుకు ఒప్పుకోలేదో ఇద్దరం రాసుకుని వచ్చే వారం స్టడీకి తీసుకురావాలని అనుకున్నాం. ఆ బ్రదర్‌కు కూడా కబురు చేశాను, మొదటి సంపుటం నుంచి కన్యక గర్భం వ్యాసం చదివి రమ్మని. వస్తానన్నారు.